పేరు అడిగి ఇవ్వండి

ఐర్లండ్‌కు కొత్తగా వచ్చే మన నర్సు పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగే మొదటి సంగతి వీసా, రెండోది అద్దె ఇల్లు, మూడోది పిల్లల స్కూలు. మందులు ఇవ్వడం గురించి ఒక్కరూ అడగరు. అది తమకు వచ్చనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, ముప్పై నాలుగేళ్ళ పాటు.

నా పేరు రత్నకుమారి. గుంటూరులో చదివి, అక్కడే ఒక పెద్దాసుపత్రిలో చాలా ఏళ్ళు చేసి, తర్వాత ఐర్లండ్ వచ్చి, నేస్ ఊరి దగ్గర ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో మిగతా సర్వీసంతా గడిపాను. మోకాళ్ళు మొరాయించాక మానుకున్నాను. ఏ గ్రేడులో చేరానో, ఏ గ్రేడులో దిగానో రాయను, అవి చదివి బాగుపడేవాళ్ళెవరూ లేరు. ఒక పొద్దుటి సంగతి రాస్తాను. ఆ పొద్దున నేను చేసిన తప్పు గురించి, ఆ తర్వాత గడిచిన ఏడు నిమిషాల గురించి.

మూడో బెడ్, తల వైపు

గుంటూరు వార్డులో మాకు పేషెంట్లకు పేర్లుండేవి కావు. మూడో బెడ్‌కు ఇంజెక్షన్, పదకొండో బెడ్‌కు కట్టు. ఒక మంచం మీద ఇద్దర్ని పడుకోబెట్టిన రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు మూడో బెడ్ తల వైపు, మూడో బెడ్ కాళ్ళ వైపు. నవ్వకండి, ఆ లెక్కతోనే వందలమంది నయమై ఇంటికి వెళ్ళారు.

మరి మందులు తారుమారు కాలేదా అంటే, అయ్యేవి. నోట్లోకి వెళ్ళకముందే ఆగేవి. ఆపేది మేము కాదు, మంచం పక్కన చాప పరుచుకుని కూర్చున్న భార్యో, కూతురో, అత్తగారో.

"సిస్టరమ్మా, మా ఆయనకి రోజూ తెల్లబిళ్ళ కదా ఇచ్చేది? ఈ పచ్చది ఏంది?"

ఈ ప్రశ్న వేసిన ఆవిడ మీద నేను చాలాసార్లు కసురుకున్నాను. "డాక్టరు నువ్వా నేనా?" అని కూడా అన్నాను. అలా అంటూనే చీటీ చూసుకుని, నాలిక కరుచుకుని, పచ్చబిళ్ళ వెనక్కి తీసుకున్న రోజులున్నాయి. ఆ చదువురాని ఆడవాళ్ళు నా ఉద్యోగం ఎన్నిసార్లు నిలబెట్టారో ఆనాడు నాకు తెలియలేదు. నా జాగ్రత్త వల్లే అంతా సవ్యంగా జరుగుతోందనుకున్నాను.

ఇంకో సంగతి. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ మూతి మీద ఒకటిచ్చేది. బాబాయి, పెద్దమ్మ, మాష్టారు, అంతే. మా పక్కింటి తాతయ్య పేరు ఆయన పోయాక పెద్దకర్మ పత్రిక మీద చూసి తెలుసుకున్నాను. ఈ పెంపకం చెడ్డదని నేను అనను. దానికీ మందుల ట్రాలీకీ పడదని మాత్రం చెబుతున్నాను.

జామ్‌లో దాచిన బిళ్ళ

నర్సింగ్ హోమ్‌లో మా పెద్ద నర్సు పేరు బ్రీడా. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొలం అవతలికి వినిపించేది. నేను చేరిన కొత్తలో ఒక ముసలావిడ రక్తపోటు బిళ్ళ వద్దని మొండికేసేది. మన ఇళ్ళలో పిల్లలకు చేసినట్టే నేను దాన్ని పొడి చేసి జామ్‌లో కలిపి బ్రెడ్ మీద రాసి పెట్టాను. ఆవిడ శుభ్రంగా తినేసింది. నేను ఘనకార్యం చేసినట్టు బ్రీడాకు చెప్పాను.

బ్రీడా నవ్వలేదు. "ఆవిడకు మతి పోయిందా?" అంది. ఇక్కడివాళ్ళ మాటలు మన మాటల్లో రాస్తున్నాను.

"లేదు. మొండితనం, అంతే."

"మొండితనం జబ్బు కాదు రత్నా. బిళ్ళ మన చేతిలో ఉన్నంతసేపే మనది. నోరు ఆవిడది. వెళ్ళి చెప్పు, జామ్‌లో ఏం కలిపావో."

చెప్పాను. ఆవిడ నెల రోజులు నా చేతి టీ తాగలేదు. మతిమరుపు ముదిరినవాళ్ళకు తిండిలో కలిపి ఇవ్వాల్సి వచ్చినా, డాక్టరుతో, మందుల షాపు ఫార్మసిస్టుతో, ఇంటివాళ్ళతో మాట్లాడి, రాసిపెట్టుకుని చేస్తారు. ఏ నర్సూ తన సొంత తెలివితో చేయదు. అప్పుడు నాకు ఇదంతా అతి అనిపించింది. ఇప్పుడు అనిపించదు.

అక్కడ అందరూ అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు. తొంభై ఏళ్ళ మనిషిని పట్టుకుని 'టామ్' అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. మగవాళ్ళందరూ సార్, ఆడవాళ్ళందరూ మేడమ్. వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. టామ్ ఫారెల్ అనే పెద్దాయన అయితే, "నేను జీవితమంతా గుర్రాలకు గడ్డి వేసినవాణ్ణి, సార్ ఏంటమ్మా, గుర్రాలు వింటే నవ్వుతాయి" అనేవారు. అయినా నేను మానలేదు.

అక్కడి నియమం చిన్నదే. బిళ్ళలు ఇచ్చేముందు పేరు ఆ మనిషి చేతనే చెప్పించాలి. ఆయన చెబుతుండగా, ఫార్మసిస్టు ఒక్కో మనిషికీ విడిగా కట్టి పంపే బిళ్ళల పొట్లం మీది పేరు మన కళ్ళతో చదవాలి. రోజూ మూడుపూటలా చూసే మనిషిని మీ పేరేమిటని అడగడం నాకు పెళ్ళి భోజనాల దగ్గర సొంత మేనమామను మీరెవరి తాలూకని అడిగినట్టుండేది. తనిఖీకి ఎవరైనా వచ్చిన రోజున అడిగేదాన్ని. మిగతా రోజుల్లో "గుడ్ మార్నింగ్ సార్" అని చేతిలో పోసేదాన్ని. నన్ను అందరూ గౌరవంగా మాట్లాడే నర్సని మెచ్చుకునేవారు కూడా.

ఏడో రూమ్

కోవిడ్ వచ్చిన మొదటి వసంతంలో బయటివాళ్ళను లోపలికి రానివ్వడం ఆపేశారు. మా వాళ్ళలో సగంమంది జ్వరాలతో ఇళ్ళల్లో ఉన్నారు. నేనూ రెండు వారాలు ఇంట్లో పడి ఉండి, తగ్గాక తిరిగి డ్యూటీలో చేరాను. ఆ రెండు వారాల్లో జ్వరం ఉన్నవాళ్ళను ఒక వైపుకు, లేనివాళ్ళను ఇంకో వైపుకు మార్చారు. ఏడో రూమ్‌లో ఉండే జిమ్ పంతొమ్మిదికి వెళ్ళారు. టామ్ ఏడులోకి వచ్చారు. డ్యూటీ అప్పగించేటప్పుడు ఈ సంగతి నాకు చెప్పారు, నేను తలూపాను, కాగితం మీద రాసుకున్నాను కూడా. కానీ మందుల ట్రాలీలో అరలకు రూమ్ నంబర్లే అంటించి ఉన్నాయి. వాటిని ఎవరూ మార్చలేదు.

పొద్దున ఎనిమిది గంటలు. మొహానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, లోపల కళ్ళజోడు మీద ఆవిరి. ఏడో రూమ్ ముందు ట్రాలీ ఆపాను, ఏడో అరలోని పొట్లం చింపాను, లోపలికి వెళ్ళాను. మంచం మీద ఉన్నది టామ్ అని నాకు బాగా తెలుసు. పొరపాటు పడటానికి ఆయన కొత్తవారు కారు, నాలుగేళ్ళ పరిచయం. తెలుసు కాబట్టే పేరు అడగలేదు. అడగలేదు కాబట్టి పొట్లం మీద పేరు చదవలేదు. ముప్పై నాలుగేళ్ళ అలవాటు నా చేతుల్లో ఉంది: ఏడో బెడ్, ఏడో బెడ్ మందులు.

"గుడ్ మార్నింగ్ సార్, ఒంట్లో ఎలా ఉంది?"

"గ్రాండ్ నర్సమ్మా, గ్రాండ్. నువ్వు లేచి తిరుగుతున్నావు, అది చాలు."

ఇక్కడ 'గ్రాండ్' అంటే అంత గొప్పగా ఉన్నామని కాదు, ఫరవాలేదని. ఆయన చేతిలో పోశాను. ఒక్క క్షణం అరచేతి వైపు చూసుకుని నీళ్ళతో మింగేశారు.

పంతొమ్మిదో రూమ్‌కు వస్తే ఆ అర ఖాళీగా ఉంది, జిమ్ పొట్లం ఎంత వెతికినా కనిపించలేదు. చెత్తసంచిలో చూశాను. చింపిన పొట్లం మీద జిమ్ పేరు శుభ్రంగా అచ్చువేసి ఉంది. జిమ్‌కు చక్కెర వ్యాధి. టామ్‌కు లేదు. లేని మనిషికి ఆ బిళ్ళ ఇస్తే చక్కెర పడిపోతుంది, స్పృహ తప్పవచ్చు, తొంభై ఏళ్ళ వయసులో ప్రాణం మీదికి రావచ్చు.

ఇక్కడ మీరు నన్ను మంచిదాన్నిగా ఊహించుకోవద్దు. నేను వెంటనే పరుగెత్తలేదు. ట్రాలీ పట్టుకుని నిలబడ్డాను. నా బుర్రలోకి వచ్చిన మొదటి ఆలోచన టామ్ గురించి కాదు. 'ఈ రోజుల్లో మగతగా ఉన్న ముసలాయన్ని చూసి బిళ్ళ అనుకునేదెవరు? కోవిడ్ అనుకుంటారు' అని వచ్చింది. నా లైసెన్సు గుర్తుకొచ్చింది. ఇన్నేళ్ళ మంచిపేరు గుర్తుకొచ్చింది. జిమ్‌కు అత్యవసర నిల్వలోంచి ఆయన మందులు తీసి ఇచ్చాను. పక్కగదిలో ఇంకొకావిడకు ఇచ్చాను. ముందు ఈ రౌండ్ ముగించి తర్వాత చూద్దామని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గోడ గడియారం ప్రకారం ఏడు నిమిషాలు.

అప్పుడు నడవా అద్దంలోంచి టామ్ కూతురు మారేడ్ కనిపించింది. రోజూ పనికి వెళ్ళేముందు కిటికీ బయట కంకరలో నిలబడి తండ్రికి చెయ్యి ఊపి పోతుంది. కోవిడ్‌కు ముందు లోపలికొచ్చి మంచం పక్కన కూర్చునేది. ఆమె లోపల ఉండి ఉంటే నా చేతిలోని బిళ్ళలు చూసి, "ఇవి నాన్నవి కావే" అని ఉండేది. గుంటూరులో చాప మీది ఆడవాళ్ళు అన్నట్టే. ఆమెను మేమే బయట నిలబెట్టాం. ఆ సమయంలో లోపల అడగవలసిన మనిషిని నేనే, అడగలేదు సరికదా, దాచే ఆలోచనలో ఉన్నాను. ట్రాలీకి తాళం వేసి ఏడో రూమ్‌కు పరుగెత్తాను.

వేలు పొడిచి చూస్తే చక్కెర ఇంకా బాగానే ఉంది. తియ్యటి జ్యూస్ తాగించి, డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన ప్రతి అరగంటకూ చూడమన్నారు, ఏం తినిపించాలో చెప్పారు, చక్కెర నిలబడకపోతే అంబులెన్స్ పిలవమన్నారు. ఆ బిళ్ళ పని మర్నాటి దాకా ఉండవచ్చన్నారు. పదిన్నరకు చక్కెర మూడున్నరకు దిగింది. ఇక్కడి లెక్కలో నాలుగుకు తగ్గకూడదు. ఆయన చేతులు వణికాయి, నుదురు చెమర్చింది. మళ్ళీ జ్యూస్, జామ్ రాసిన రొట్టె, జావ. అన్నీ నా చేత్తోనే తినిపించాను.

చెప్పడం

బ్రీడా వచ్చింది. అరవలేదు. "ముందు మనిషి, తర్వాత కాగితం" అని కుర్చీ నాకే వేసి ఆయన పక్కన కూర్చోబెట్టి, ట్రాలీ తను తోసుకుపోయింది.

చక్కెర ఐదుకు వచ్చాక నేను ఆయనకు చెప్పాను. "సార్, పొద్దున మీకు వేరే ఆయన బిళ్ళలు ఇచ్చాను. తప్పు నాదే. అందుకే మీకిలా అయింది."

ఆయన అన్నారు, "నాకు తెలుసు."

"ఏం తెలుసు సార్?"

"నావి రెండు తెల్లవి, ఒక గులాబీది. ఇవాళ గులాబీది లేదు. ఇదేంటని అడుగుదామనుకున్నాను. నువ్వేమో ఒక్కదానివి, చెమటలు కక్కుతూ పరుగులు పెడుతున్నావు. నీకున్న పనిలో నేనొకణ్ణి అడ్డం ఎందుకని మింగేశాను." జ్యూస్ గ్లాసు నా చేతికిచ్చి, "గుర్రమైతే నీ మొహాన ఉమ్మేసేది" అన్నారు.

ఆయన పేరు అడిగితే ఆయనకు అమర్యాద అని నేను అనుకున్నాను. బిళ్ళ గురించి అడిగితే నాకు అమర్యాద అని ఆయన అనుకున్నారు. మా ఇద్దరి మర్యాదల మధ్య ఆయన ప్రాణం ఉండింది.

మారేడ్‌కు కిటికీ దగ్గరే చెప్పాను. బ్రీడా ఫోన్ చేసి రప్పించింది. అద్దానికి ఇవతల నేను, అవతల ఆమె, చెవుల దగ్గర ఫోన్లు. అంతా విని ఆమె ఒకే మాట అంది.

"లోపల నా బదులు మీరున్నారనుకున్నాను."

ఫోన్ పెట్టేసింది. చాలా రోజులు నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. అందులో తప్పేం లేదు. ఇప్పటికీ ఆమె నన్ను పూర్తిగా క్షమించిందో లేదో నాకు తెలియదు, అడిగే హక్కూ నాకు లేదు.

టామ్ మర్నాటికి కోలుకున్నారు. ఆ మధ్యాహ్నం బ్రీడా, నేను కలిసి జరిగింది జరిగినట్టు రాశాం. మధ్యలోని ఏడు నిమిషాలు కూడా చెప్పాను. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. బ్రీడా పెన్ను కింద పెట్టింది.

"బిళ్ళలు తారుమారు ఎవరి చేతనైనా అవుతుంది రత్నా. ట్రాలీ అరలకు నంబర్లు అలాగే వదిలేసింది మేము కూడా. ఆ ఏడు నిమిషాలు మాత్రం అచ్చంగా నీవి." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గుచ్చుకోవడమే మంచిది.

సాయంత్రానికల్లా అరల మీద నంబర్లు పీకేసి పేర్లు, ఫోటోలు అంటించారు. మర్నాడు పొద్దున నేను టామ్ గదిలోకి వెళ్ళి, అడిగాను, "మీ పేరు చెప్పండి."

"టామ్ ఫారెల్. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారలేదు."

అప్పటినుంచి ఆయన పోయేదాకా, అంటే దాదాపు రెండేళ్ళు, రోజూ ఇదే మాట. పోయింది వయసు మీద పడి, నిద్రలో. మిగతా పెద్దవాళ్ళు కూడా, మొదట విసుక్కున్నవాళ్ళు సైతం, తర్వాత ఎదురుచూసేవాళ్ళు. నెలల తరబడి బయటి మనిషి మొహం చూడకుండా గదిలో ఉన్నవాళ్ళకు, రోజుకు మూడుసార్లు ఒకరు వచ్చి నువ్వెవరని అడగడం, వాళ్ళు జవాబు చెప్పడం ఎంత అవసరమో నాకు ముందు తెలియదు.

మంచం మీద నేను

మానుకున్న కొన్నాళ్ళకు మోకాలి ఆపరేషన్‌కు డబ్లిన్‌లో ఒక ఆసుపత్రిలో చేరాను. ఇంకా మాస్కులు తీయలేదు, చూడటానికి వచ్చేవాళ్ళకు ఇంకా గంటల లెక్కే. ఆ వార్డులో శ్రావణి అని కరీంనగర్ అమ్మాయి నర్సు. మొదటిరోజే నన్ను కనిపెట్టింది. "ఆంటీ, మీరు తెలుగోళ్ళా! మస్తు ఖుషీగుంది నాకు" అని, దుప్పటి సర్ది, జడ కూడా వేసింది. బంగారం లాంటి పిల్ల.

రెండో రోజు పొద్దున చిన్న కప్పులో బిళ్ళలు తెచ్చింది. "ఇగో ఆంటీ, గోళీలు. జర జల్ది ఏస్కోండ్రి, అవతల ఇంకో ఇద్దరు పిలుస్తున్నరు."

కప్పులో మూడున్నాయి. నిన్న రెండే. మూడోది పచ్చ రంగు. నేను ఆ పిల్ల మొహం చూశాను. కళ్ళ కింద నలుపు, మాస్కు గీతలు. పక్క మంచం ఆవిడ గంట మోగిస్తూనే ఉంది. నలుగురిలో ఆ పిల్లను చిన్నబుచ్చడం ఎందుకనిపించింది. డాక్టరు కొత్తగా రాసి ఉంటాడులే అనుకున్నాను. కప్పు పెదవుల దాకా వెళ్ళింది. ముప్పై ఆరేళ్ళు ఈ పని చేసినదాన్ని, నాకే నోరు రాలేదు. టామ్ ఎందుకు మింగేశారో ఆ క్షణాన నాకు పూర్తిగా తెలిసింది.

కప్పు దించాను. "శ్రావణీ, నా పేరడుగమ్మా."

"అయ్యో, మీరు ఆంటీ గదా! మిమ్మల్ని పేరడుగుడేంది? నాకెర్క లేదా?"

"ఎరికైతే చెప్పు."

ఆ పిల్ల కళ్ళు పేరు రాసి కట్టిన నా చేతి పట్టీ మీదికి వెళ్ళాయి. ఆంటీ అని తప్ప నా పేరు తనకు తెలియదు.

"పట్టీ తర్వాత చూద్దువుగాని. ముందు నన్నడుగు. నేను చెప్తుంటే నీ కాగితం చదువు. ఈ పచ్చది ఎందుకో కూడా చెప్పు."

మొహం ఎర్రబడింది. అడిగింది. చెప్పాను. చదివింది. మూడో బిళ్ళ నాదే, కడుపులో మంట రాకుండా ముందురోజు సాయంత్రం డాక్టరు కొత్తగా రాశాడు. తప్పేమీ జరగలేదు. నేను మింగాను.

"సారీ ఆంటీ. మిమ్మల్ని అట్ల అడిగితే ఏమనుకుంటరోనని..."

"ఏమీ అనుకోను తల్లీ. నీకు సారీ చెప్పాల్సింది నేను. ఇందాక అడక్కుండా మింగేద్దామనుకున్నా."

ఆ పిల్లకు అర్థం కాలేదనుకుంటాను. అప్పుడు పక్క మంచానికి పరుగెత్తింది. ఈ కాగితాలు రాయడం మొదలుపెట్టింది ఆ పిల్లకోసమే.

మర్నాడు పొద్దున తెర జరిగింది. కప్పు ఒక చేతిలో, కాగితం ఇంకో చేతిలో, సిగ్గుపడుతూనే నిలబడింది.

"ఆంటీ, మీ పేరు చెప్పుండ్రి."

"రత్నకుమారి," అన్నాను. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారలేదు."